సెన్సార్ వారికి ఒక బొప్పి విన్నపం

సినిమాకి సర్టిఫికెట్ ఇచ్చే ముందు సెన్సార్ వారు తీసేయాల్సిన మాటలు తీసేయిస్తారు, పొగాకు హెచ్చరిక వేయిస్తారు, పిల్లలు చూడొచ్చో లేదో తేలుస్తారు. అన్నీ చూసి అసలు సంగతి వదిలేస్తారు. ఆ ప్రేక్షకుడు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగొచ్చాడు? అదేమీ అడక్కుండా టికెట్ చింపి లోపలికి పంపేస్తే ఎంత అనర్థమో స్వానుభవంతో మనవి చేసుకుంటున్నాను.

2017 ఫిబ్రవరిలో ‘ఘాజీ’ విడుదలైంది. 1971 యుద్ధంలో విశాఖ తీరం దాకా వచ్చి, అక్కడే మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లంటారు, కాదు మాది ప్రమాదమని వాళ్లంటారు, మన జలాంతర్గామే ముంచిందని సినిమావాళ్లు తీశారు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తలుపులతో.

ఎందుకంటే అప్పటికే నేను ఆర్కే బీచ్‌లో కురుసుర చూసొచ్చాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు ఒడ్డెక్కి మ్యూజియమైన సోవియట్ జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. ఆ పొడవు చూసి మోసపోకండి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కన్నంలోంచి దూరాలి. ముందు కాలు పెట్టాలా, తల పెట్టాలా అని నేను ఆలోచిస్తున్నాను. “తల జాగ్రత్త సార్” అని గైడు రెండుసార్లు చెప్పాడు పాపం. నేను టార్పెడో గొట్టాల్ని చూస్తూ ఊ కొట్టాను. మూడోసారి అతను చెప్పడం, ఠంగుమని మోగడం ఒకేసారి జరిగాయి. ఇనుము రష్యాది, తల తణుకుది.

బొప్పి నిమ్మకాయంత లేచింది. ఆ తర్వాత గైడు చెప్పిన యుద్ధవిద్య ఏదీ నా బుర్రకెక్కలేదు. యూనిఫాం వేసి నిలబెట్టిన బొమ్మలు మాత్రం నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించాయి.

ఇక హాల్లో సంగతి. పక్కన మా బామ్మర్ది. విశాఖ ముఖం ఎరగనివాడు కాబట్టి నిశ్చింతగా భయపడుతున్నాడు. తెర మీద టార్పెడో దూసుకొస్తోంది, హాలంతా ఊపిరి బిగబట్టింది, వాడు నా చెయ్యి నలిపేస్తున్నాడు. నాకు టార్పెడో కనబడితేగా! నావికులు కన్నంలోంచి దూరినప్పుడల్లా నేను సీట్లో తల వంచుతున్నాను. దేశం కోసం ప్రాణాలివ్వడానికి సిద్ధపడ్డవాళ్ల నుదుళ్ల గురించి బెంగపడుతున్నాను. వెనక సీటాయన భుజం తట్టాడు. “అలాగే ఉండండి సార్, ఇప్పుడు బొమ్మ బాగా కనబడుతోంది.”

ఇది నా ఒక్కడి రోగం కాదు. బొర్రా గుహల దగ్గర కోతులకి చిప్స్ సమర్పించుకున్నవాడికి గుహలో దాక్కున్న హంతకుడు ఆనడు, హీరోయిన్ చేతిలో ప్యాకెట్టే కనబడుతుంది. రైల్లో హత్య జరిగితే, ఆర్ఏసీ టికెట్ మీద రాత్రంతా కూర్చుని వెళ్లినవాడు హంతకుణ్ణి వెతకడు. బెర్తు ఖాళీ అయిందా అని చూస్తాడు.

కాబట్టి నా విన్నపం: టికెట్ కౌంటర్లో యాత్రా వివరాల ఫారం ఒకటి పెట్టాలి. చూసొచ్చినవాళ్లకి వేరే వరుస, వీలైతే అన్నిటికన్నా వెనక. సమీక్షకులైతే రేటింగు పక్కనే తమ బొప్పిల సంఖ్య కూడా ప్రకటించాలి.

సినిమా చూశాక బామ్మర్ది కురుసుర చూడాల్సిందేనని పట్టుబట్టాడు. తీసుకెళ్లాను. లోపల అడుగు పెట్టిన దగ్గర్నుంచీ, శత్రువు వింటాడన్నట్టు గుసగుసలే. “బావా, రానా నిలబడింది ఇక్కడేనా?” గైడు విన్నాడు. “అది సెట్టండి.” వాడి ముఖం మాడిపోయింది. ఇంత ఓడని సెట్టుకన్నా తక్కువ చేస్తారా అని రోషంగా తలెత్తి ముందుకి నడిచాడు. కన్నం దగ్గర నేను హెచ్చరించొచ్చు. హెచ్చరించలేదు. శాస్త్రానికి రెండో సాక్షి కావాలి కదా!

మొన్న టీవీలో మళ్లీ అదే సినిమా. సోఫాలో మేమిద్దరం ఒకేసారి తలలు వంచాం. ఏదో పడిపోయిందనుకుని మా ఆవిడ చీపురు తెచ్చి సోఫా కింద వెతికింది.