చిన్న అప్పుకు 1920 నాటి చట్టమా?

క్రెడిట్ కార్డు బకాయి పేరుతో రికవరీ ఏజెంట్లు ఇంటి ముందు నిలబడి కేకలేయడం, ఆడపిల్లను ఇచ్చిన వియ్యాలవారికి సైతం ఫోన్లు చేయడం భీమవరం నుంచి అమలాపురం దాకా మామూలైపోయింది. రొయ్య ధర పడిపోయి మేత కొట్టులో కార్డు గీకిన కౌలు రైతు, ఆస్పత్రి బిల్లుకు గీకిన చిరుద్యోగి నెలనెలా మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టక తప్పని కనీస మొత్తం) కడుతూనే ఉన్నారు. నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. ఎంత కట్టినా అసలు తరగదు. కార్డు వడ్డీ 30 శాతం దాటరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేయడంతో ఆ ఆసరా కూడా పోయింది.

వాడుకున్నవాడు కట్టాలి కదా అంటాయి బ్యాంకులు. కట్టాల్సిందే. మరి ఆ న్యాయం పెద్దలకు లేదేం? 2016 దివాలా స్మృతి కింద కంపెనీల బాకీల్లో సింహభాగం వదులుకోవడానికి బ్యాంకులే తలూపుతున్నాయి. ఉద్దేశపూర్వక ఎగవేతదారులతోనూ రాజీ పడవచ్చని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకే సెలవిచ్చింది. అదే స్మృతిలో వ్యక్తుల అప్పులకూ ఒక భాగం రాశారు. 35 వేల రూపాయలు మించని అప్పున్న నిరుపేదకు బాకీ మాఫీ అయ్యే దారి అందులో ఉంది. కంపెనీలకు హామీ ఉన్నవారికి 2019 డిసెంబరు నుంచి ఆ భాగాన్ని అమల్లోకి తెచ్చారు. సామాన్యుడికి ఇప్పటికీ తేలేదు! అతడికి మిగిలింది తెల్లదొరల కాలం నాటి 1920 దివాలా చట్టం కింద సివిల్ కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెట్టడం. చీటీల సొమ్ము మింగి ఐపీ పెట్టినవాళ్లను చూసిన ఈ గోదావరి జిల్లాల్లో, నిజాయితీగా చితికినవాడు ఆ పేరెత్తడానికే సిగ్గుపడి చస్తున్నాడు.

ఈ సందులో సెటిల్మెంట్ చేయిస్తామంటూ ఫీజులు గుంజే దళారులు దిగారు. వారిని నమ్మొద్దు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. కట్టలేకపోయినంత మాత్రాన జైల్లో పెట్టరు. చెక్కిచ్చి అది బౌన్సయితే మాత్రం కేసు వేరు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఏజెంటు ఫోన్ చేయకూడదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో తేల్చకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను పైసా ఖర్చు లేకుండా ఆశ్రయించవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు ఉండదు. తగ్గించి కట్టినట్టు సిబిల్‌లో, అంటే అప్పుల చరిత్ర రికార్డులో పడే ముద్ర మాత్రం తప్పదు.

ఇవన్నీ తాత్కాలిక ఉపశమనాలే. పెద్దవాడికి కొత్త చట్టం, చిన్నవాడికి పాత చట్టం అన్న ద్వంద్వ నీతి పోవాలంటే దివాలా స్మృతిలోని వ్యక్తుల అప్పుల భాగాన్ని అందరికీ నోటిఫై చేయాలి. అది ఏ తేదీన చేస్తారో కార్పొరేట్ వ్యవహారాల శాఖ చేత పార్లమెంటులో చెప్పించలేని మన ఎంపీలు, ఏజెంట్ల ఆగడాలపై విచారం వెలిబుచ్చడం కట్టిపెట్టాలి.