సవరణ: తడిపి రుద్దితే ప్రతి తోలూ మెరవదు

కార్డు హోల్డర్ అంచుల గురించి రాసిన పోస్టులో, అంచుని కాస్త తడిపి చెక్కతో గట్టిగా రుద్దితే ఏ తోలైనా నున్నగా మెరుస్తుందని చెప్పాను. అది తప్పు. చెట్ల బెరడు రసంతో పదును చేసిన వెజ్ టాన్ తోలుకే అది వర్తిస్తుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ టాన్ తోలు అంచు ఎంత రుద్దినా పోగులు మళ్లీ లేస్తూనే ఉంటాయి. నా మాట నమ్మి చేతులు నొప్పెట్టేలా రుద్దినవాళ్లు క్షమించాలి.

మీ దగ్గరున్నది ఏ తోలో తెలియకపోతే చిన్న ముక్క తడిపి గోటితో గట్టిగా నొక్కండి. గీత అలాగే నిలిచిపోతే వెజ్ టాన్ అయ్యే అవకాశం ఎక్కువ. మెత్తగా సాగి, గీత మాయమైతే క్రోమ్ టాన్ అనుకోవచ్చు. కోసిన అంచు మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనబడితే అది క్రోమ్ టానే, ఇక అనుమానమే అక్కర్లేదు. కానీ రంగు లోపలిదాకా పట్టించిన తోలులో అది కనబడదు, అందుకే నాకు గోటి పరీక్ష మీదే గురి.

క్రోమ్ టాన్‌కి ఎడ్జ్ పెయింట్, అంటే తోలు అంచులకి పూసే రంగు, వాడండి. ఒకేసారి మందంగా పూస్తే తర్వాత పగులుతుంది. పల్చగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, 400 నంబరు శాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది మళ్లీ పూయాలి. మూడు పూతలకి అంచు చక్కగా కలిసిపోతుంది. లేదా అంచుని పల్చగా చెక్కి లోపలికి మడిచి కుట్టేయండి.

కుట్టు గురించి ఆ పోస్టులో రాసినదాంట్లో మార్పేమీ లేదు.