కూడలిలో ఆ రెండు సెకన్లు

రోగిని ఎక్కించుకుని బయలుదేరిన అంబులెన్సే ప్రమాదానికి గురైందన్న వార్త వచ్చిన రాత్రి మా న్యూస్‌రూమ్‌లో శీర్షిక పెట్టడానికి ఎవరికీ చేతులాడవు. కాపాడడానికి వచ్చిన బండిలోనే ప్రాణం పోతే ఆ ఇంటివాళ్లకు ఏమని చెప్పగలం? మర్నాటికి ‘అతివేగమే కారణం’ అన్న ఒక్క మాటతో ఆ వార్త ముగిసిపోతుంది. ఆ వేగం ఎవరు కోరారని మాత్రం ఎవరూ అడగరు. కోరింది మనమే. ముందు సీట్లో కూర్చున్న కొడుకు ‘ఇంకాస్త తొందరగా పోనీయండి అన్నా’ అని బతిమాలుతుంటాడు. ఎన్ని నిమిషాల్లో చేరారన్న లెక్క పైఅధికారి అడుగుతాడు. ఆలస్యమైతే మేమూ వార్త రాస్తాం. నిదానంగా, క్షేమంగా చేర్చిన డ్రైవరు గురించి మేము రాసింది తక్కువ. ఆ లోపం మాదే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో డ్రైవరును పైలట్ అంటారు. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. విమానం నడిపేవాడి నుంచి మనం కోరేది దూకుడు కాదు, నిబ్బరం. అదే నిబ్బరం అంబులెన్సు స్టీరింగు పట్టినవారికీ కావాలి. వైద్యం ఆసుపత్రి గుమ్మంలో మొదలుకాదు. బండి కదిలిన క్షణం నుంచి పైలట్ కాలూ చెయ్యీ కూడా ఆ వైద్యంలో భాగమే.

వెనుక భాగంలోకి ఒకసారి తొంగిచూడండి. స్ట్రెచర్ మీద గుండెపోటు వచ్చిన మనిషి. ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సేవలందించే టెక్నీషియన్, ఒక చేత్తో పైకప్పు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో సూది ఎక్కించడానికి నరం వెతుకుతుంటారు. సెలైన్ సీసా ఊగుతోంది. ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ చీకట్లో కనబడలేదు. బండి ఎగిరిపడితే సూది తప్పుతుంది, టెక్నీషియన్ తల కడ్డీకి కొట్టుకుంటుంది. రోగి వెన్నెముక విరిగినవాడైతే ఆ ఒక్క కుదుపు అతని కాళ్లను శాశ్వతంగా చచ్చుబడేలా చేయవచ్చు. ఛాతీ మీద రెండు చేతులతో అదుముతూ గుండెను ఆడించే ప్రయత్నం ఊగే బండిలో సరిగా సాగదు. అందుకే మెత్తగా నడిపే పైలట్ వెనుక ఉన్నవారి చేతికి బలమిస్తున్నాడని మేమంటాం.

అసలు వేగంతో మిగిలేది ఎంత? పది కిలోమీటర్ల దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే పది నిమిషాలు, 80తో వెళితే ఏడున్నర. మిగిలింది రెండున్నర నిమిషాలు, అదీ దారిలో ఎక్కడా అడ్డు తగలకపోతేనే. అదే సమయంలో బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. 1995లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో దీన్ని కొలిచి చూశారు. దీపాలు, సైరన్ వాడినందువల్ల ఒక్కో ప్రయాణంలో కలిసొచ్చింది సగటున 43.5 సెకన్లే. మన నగరాల రద్దీ వేరు, మన పల్లె దారులు వేరు. అయినా వేగమే ప్రాణం నిలుపుతుందన్న నమ్మకాన్ని ఆ లెక్క కదిలించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు కూడలి. ఎర్ర దీపం దాటే వెసులుబాటు, వేగ పరిమితి మించే వెసులుబాటు 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు అంబులెన్సుకు ఇచ్చిన మాట నిజమే. అయితే తగిన జాగ్రత్తతో, సొంత బాధ్యత మీద అన్న షరతు కూడా అక్కడే ఉంది. అద్దాలు బిగించి ఏసీ వేసుకున్న కారులోని మనిషికి సైరన్ ఆలస్యంగా చేరుతుంది. ఎటు నుంచి వస్తోందో అప్పటికీ తెలియదు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న బైకు కుర్రాడికి అసలే వినబడదు. అందుకే మంచి పైలట్ కూడలికి ముందే సైరన్ స్వరం మారుస్తాడు, వేగం తగ్గిస్తాడు, అవసరమైతే పూర్తిగా ఆగుతాడు. అటూ ఇటూ ఉన్న డ్రైవర్ల కళ్లు తనను చూశాయని నమ్మకం కుదిరాకే కదులుతాడు. అందుకు పట్టే రెండు సెకన్లను ఎవరూ తప్పుపట్టకూడదు.

దారి ఇవ్వని వాహనదారుకు పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలును 2019 సవరణ చట్టం కల్పించింది. దాన్ని గట్టిగా అమలు చేయాలి. అంబులెన్సు తోకపట్టుకుని రద్దీలోంచి దూసుకుపోయే బైకులనూ వదలకూడదు. ముందున్న బండి హఠాత్తుగా ఆగితే మొదట నలిగేది వారే. పల్లెల్లో కోతల కాలం వస్తే సగం రోడ్డు ధాన్యం కిందే ఉంటుంది. ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు, వెనుక దీపం లేని గడ్డి ట్రాక్టరు రాత్రి పూట పైలట్‌కు చావుతో సమానం. రైతుకు కళ్లాలు లేకపోవడమే ఇందుకు మూలం కాబట్టి ఆ నేరం రైతు నెత్తిన వేయడం మాకు ఇష్టం లేదు. పంచాయతీలు ఊరికి కాస్త దగ్గర్లో కళ్లాలు కట్టించాలి.

నిమిషాలు నిజంగా పోయేది వేరే చోట. ఇంటి గుర్తు దొరక్క, సందులో అడ్డంగా పెట్టిన కార్ల వల్ల, స్ట్రెచర్ పట్టని మెట్ల మీద, ఆసుపత్రి గుమ్మంలో మంచం కోసం నిరీక్షణలో పోతాయి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మార్పిడి కోసం గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైలులో తరలించారు. ఆ రోజు సమయాన్ని ఆదా చేసింది యాక్సిలరేటర్ కాదు, ముందే వేసుకున్న పథకం. రోజూ వెళ్లే రోగులకు కూడా ఆ శ్రద్ధలో ఒక పాలు దక్కాలి. ఏ ఆసుపత్రిలో ఖాళీ ఉందో బండి కదిలేలోగా పైలట్‌కు తెలియాలి.

ఇక ప్రభుత్వాలు తక్షణం చేయాల్సినవి. అంబులెన్సు డ్రైవరు కావడానికి లైసెన్సు, కొన్నాళ్ల అనుభవం చాలవు. తడి రోడ్డు మీద, చీకట్లో, బరువు ఎక్కిన బండితో ఆపడం నేర్పే శిక్షణ ఏటా ఇవ్వాలి. రాత్రంతా నడిపినవారిని మర్నాడు దూర ప్రయాణానికి పంపే యాజమాన్యాలపై, అవి ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, చర్య తీసుకోవాలి. చేరిన నిమిషాల లెక్కతో పాటు ప్రమాదం లేకుండా నడిపిన నెలల లెక్కకూ జీతంలో విలువ కట్టాలి. వెనుక కూర్చునే టెక్నీషియన్‌కు, తోడుగా వచ్చే బంధువుకు బెల్టు లేని అంబులెన్సుకు రవాణా శాఖ ఫిట్‌నెస్ పత్రం ఇవ్వడం ఇకనైనా మానుకోవాలి.