తొంభై డిగ్రీల జ్వరం

ఇంట్లో మనిషికి నూట రెండు జ్వరం వస్తే ఒక పారాసెటమాల్ మింగించి, దుప్పటి కప్పి, మన పని మనం చూసుకుంటాం. కారు ఇంజన్ 92 చూపిస్తే మాత్రం నెల్లూరు ట్రంకు రోడ్డు మధ్యలో ఆపేసి బానెట్ ఎత్తుతాం. వెనక హారన్లు కొట్టేవాళ్ళకి మానవత్వం లేదని బాధపడతాం కూడా.

ఈ మధ్య స్టీరింగ్ కింద గుచ్చే బుల్లి స్కానర్లు వచ్చాయి. ఇంజన్ లోపలి అంకెలన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. మా వీధిలో ఒక పెద్దాయన అది కొన్నప్పటి నుంచి ఇంట్లోవాళ్ళ బీపీ కన్నా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచరే ఎక్కువ చూస్తున్నాడు. "తొంభై దాటిందబ్బయా, ఉడికిపోతా ఉంది" అని ఆయన చెయ్యి వణుకుతుంది. అది జ్వరం కాదు, ఆరోగ్యం అని చెప్పాను. నన్ను పైనుంచి కిందకి చూసి, "నీకు సొంత కారుందా?" అన్నాడు.

విషయం చెప్పక తప్పదు. సిలిండర్‌లో ఇంధనం మండేటప్పుడు మంట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. దాని చుట్టూ తిరిగే కూలెంట్ దాదాపు 90 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటమే చాలా ఇంజన్లకు నార్మల్. చల్లగా ఉన్నంతసేపూ ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరుగుదల ఎక్కువ. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అంటే చల్లదనమే దాని జబ్బు. కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో నిలబడి వేడి మంచిదని ప్రచారం చేస్తే డిపాజిట్ కూడా దక్కదు.

ఈ చల్లదనం ఉద్యమంలో కొందరు మెకానిక్ సోదరుల సేవ మరువలేనిది. ఇంజన్‌లో థర్మోస్టాట్ అని చిన్న వస్తువు ఉంటుంది. లోపల మైనం. సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర ఆ మైనం కరిగి, ఉబ్బి, కవాటాన్ని తెరుస్తుంది. అప్పటిదాకా కూలెంట్‌ను, దాన్ని గాలితో చల్లబరిచే రేడియేటర్ వైపు పోనివ్వదు, ఇంజన్ త్వరగా వేడెక్కాలని. మన వాళ్ళకి ఇందులో కుట్ర కనిపించింది. "ఇది చలి దేశాలోళ్ళకి అన్నా, మన ఎండకి దేనికి?" అని పీకేస్తారు. పీకిన ముక్కను గుడ్డతో తుడిచి, ఆపరేషన్ చేసి తీసిన కిడ్నీ రాయిని డాక్టరు బంధువులకు చూపించినట్టు, యజమాని చేతిలో పెడతారు. ఆయన దాన్ని భద్రంగా డాష్‌బోర్డు అరలో దాచుకుంటాడు.

మే నెలలో బయట 44 డిగ్రీలుంటే, ఇంజన్ వేడెక్కాక ఆ కవాటం ఎలాగూ తెరుచుకునే ఉంటుందనీ, నీళ్ళకు అడ్డేమీ లేదనీ ఎవరికీ తట్టదు. ఇంకో ముచ్చట. కొన్ని ఇంజన్లలో ఆ కవాటం తెరుచుకుంటూనే పక్కనున్న బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే కొంత కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండా అడ్డదారిలోనే తిరిగి వచ్చేస్తుంది. చల్లబరుద్దామని చేసిన వైద్యంతో బండి ఉడుకుతుంది. అప్పుడు మళ్ళీ అదే షెడ్డుకే పోవాలి.

ఇక మీటర్లో ముల్లు సంగతి. అది మధ్యలో కదలకుండా నిలబడితే మన ప్రాణం కుదుటపడుతుంది. కంపెనీలకు ఇది బాగా తెలుసు. అందుకే చాలా కార్లలో కూలెంట్ 80 ఉన్నా, 100 ఉన్నా ముల్లు ఒకేచోట ఉండేలా ముందే ఏర్పాటు చేసి పెట్టారు. నిజం చెప్తే మనం తట్టుకోలేమని వాళ్ళ నమ్మకం. స్కానర్ పెద్దాయనను చూశాక నాకూ ఆ నమ్మకమే కుదిరింది. కొన్ని చిన్న కార్లలో ముల్లు కూడా తీసేసి రెండు దీపాలు పెట్టారు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం, మితిమీరితే ఎరుపు.

కూలెంట్ మీద మనకున్న అభిప్రాయం వేరే చెప్పాలా! "రంగు నీళ్ళకి డబ్బులా?" కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని ఇంటికి ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటాం. కారుకి మాత్రం బోరు నీళ్ళే. ఆ నీళ్ళలోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో గారకట్టి కూర్చుంటుంది. మామూలు నీళ్ళు వందకే మరుగుతాయి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ సగం కలిస్తే సుమారు 107, పైన ప్రెషర్ మూత బిగిస్తే 120 దాటినా మరగవు. ఆ మూతను వేడి మీద తీయొద్దని దానిమీదే బొమ్మ వేసి ఉంటుంది. మనం చదువుకున్నవాళ్ళం, బొమ్మలు చూడం.

అసలు భయపడాల్సింది ఎర్ర దీపానికి. అది వెలిగితే ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా పెట్టి, వెంటనే పక్కకి ఆపి, ఇంజన్ కట్టేయాలి. ఇంజన్ వేడిని కొంత హీటర్ లాగేస్తుంది. మే నెలలో కారులో హీటర్ వేయమన్నవాడితో ఏ ఇల్లాలు కాపురం చేస్తుందో నాకు తెలియదు.

మొన్న ఒంగోలు నుంచి నెల్లూరు పెళ్ళికి బయల్దేరిన ఒక కుటుంబం బండి సింగరాయకొండ దగ్గర పొగలు కక్కుతూ ఆగింది. ఇంజన్ పైభాగమైన హెడ్ వంగింది, దాని కింద లీకు కాకుండా ఉండే గాస్కెట్ పోయింది. ఖర్చు విని ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎర్ర లైటు ఎక్కడ వెలిగిందన్నా?" అన్నాడు మెకానిక్.

"టంగుటూరు టోల్‌గేట్ దగ్గరే తమ్ముడూ."

"మరి అక్కడే ఆపకపోయినావా?"

"అప్పుడే కదా టోల్ కట్ అయింది! కట్టిన డబ్బులకి కాస్త దూరమన్నా పోవద్దా?"