సవరణ: లాక్‌డౌన్ డిప్రెషన్ లెక్క "నలుగురిలో ఒకరు" కాదు

కోనసీమ ఆశా కార్యకర్తల కోసం పెట్టిన పోస్టులో "లాక్‌డౌన్ ఏడాది నలుగురిలో ఒకరికి డిప్రెషన్" అని రాశాను. తప్పు నాదే. ఆ 25 శాతం చిల్లర పెరుగుదల లెక్క. జబ్బున్నవాళ్ల వాటా కాదు. 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, కోవిడ్ లేకుంటే 2020లో ప్రపంచంలో లక్షమందికి సుమారు 2,471 ఉండాల్సిన మేజర్ డిప్రెషన్ (తీవ్రమైన, జబ్బుగా లెక్కించే డిప్రెషన్) కేసులు 3,153కి చేరాయి. నూటికి రెండున్నర కాస్తా మూడు దాటింది, అంతే. పెరుగుదలగా చెబితే అదే 27.6 శాతం. ఆందోళన రుగ్మతలకైతే 25.6.

గూగుల్ ఫారాల సర్వేల్లో ఇంకా పెద్ద శాతాలు కనిపిస్తాయి. వాటిలో రొయ్యల చెరువు కాపలాదారు, కొబ్బరి వలుపు కూలీ ఎక్కడుంటారు? ఆ అంకెలు మన గోదావరి డెల్టాకి అతికించకండి.

డిప్రెషన్‌ను పసిగట్టే ప్రశ్నపత్రం పీహెచ్‌క్యూ-9లో 10 వస్తే జబ్బు ఖాయమని కొందరు అర్థం చేసుకున్నారు. అది వడపోత మాత్రమే: గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. 10, ఆపైన వస్తే డాక్టరుకు చూపించాలి. మొత్తం కూడేసి పక్కన పెట్టేస్తే తొమ్మిదో ప్రశ్న జారిపోతుంది. చచ్చిపోతే బాగుండన్న ఆలోచనకు 1 వచ్చినా, మొత్తం 4 అయినా, అక్కడే ఆగి విడిగా అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416.