శ్రీయుత ‘షరతులు వర్తిస్తాయి’ గారికి

మహారాజశ్రీ ‘షరతులు వర్తిస్తాయి’ గారి దివ్యసముఖానికి, ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ నుంచి కొత్తగా మోటార్‌హోమ్ కొన్న ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాయు విన్నపం.

ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, మీకెప్పుడూ క్షేమమే.

మీతో నా పరిచయం ఈనాటిది కాదు. చిన్నప్పుడు టీవీలో చీరల తగ్గింపు ప్రకటన అయిపోగానే, ఎవరో వెనక తరుముతున్నట్టు ఒక గొంతు గబగబా రెండు ముక్కలు అనేసి పారిపోయేది. అది మీరే. అప్పట్లో మిమ్మల్ని ఎవరం పట్టించుకోలేదు. ఆ రెండు ముక్కలూ సముద్రాలు దాటొచ్చి ఇంత సంసారం పెట్టాయని, అరవై నాలుగు పేజీల పాలసీ పుస్తకంలో నలభై పేజీలు మీ వాళ్ళే కాపురం ఉంటున్నారని పోయినేడు బండి కొన్నాకే తెలిసింది.

ముందు బండి సంగతి. ఫియట్ డుకాటో మీద కట్టిన ఇల్లు. నాలుగు పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బీరువా అంత బాత్రూము. కొత్తదేం కాదు, ఏడేళ్ళు ఎవరో తిరిగిందే. తెనాలిలో ఉన్న మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తే, “ఉన్న ఇంటికి అప్పు తీరకుండానే చక్రాల ఇల్లు కూడానా? ఎవరైనా తరుముతున్నారట్రా నిన్ను?” అన్నారు. టివిడేల్ బాలాజీ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి పొడవెంత, బరువెంత, రాత్రిళ్ళు ఎక్కడ పెడతావు అని ఆ నిమ్మకాయలు అడగలేదు. నోరు మూసుకుని నలిగాయి.

మర్నాటి నుంచి అడిగేవాళ్ళు మొదలయ్యారు.

బీమా కోసం ఫోన్ చేస్తే గంటన్నర. ఉద్యోగమేంటి, బండి రాత్రి రోడ్డు మీదా ఇంటి ముందా, అలారం ఉందా, ట్రాకర్ ఉందా, ఏడాదికి ఎన్ని మైళ్ళు తిప్పుతారు, ఇంత బండి ఇదివరకు నడిపారా. నా పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా ఇన్ని అడగలేదు. పదకొండేళ్ళుగా ఒక్క క్లెయిమ్ లేదు, ఆ నో క్లెయిమ్స్ బోనస్ వాడుకుంటానంటే, “అది మీ కారు మీద ఉంది కదండీ” అన్నారు. పెద్దల్లుడికి రాసిచ్చిన పొలం చిన్నల్లుడికి ఎలా ఇస్తారన్నట్టు. దాన్నీ లెక్కలోకి తీసుకునే కంపెనీలు ఉన్నాయని తర్వాత తెలిసింది. అడిగితేనే చెబుతారు. ఆ అడగాల్సిన ప్రశ్నను ఎక్కడ దాచాలో మీకు బాగా తెలుసు.

బండి విలువ దగ్గర మీరు చూపించిన తెలివికి మాత్రం దండం పెట్టాలి. ‘మార్కెట్ విలువ’ అని రాశారు. అంటే బండి ఏ దొంగో ఎత్తుకుపోయిన రోజున, దాని ఖరీదెంతో మీ తరఫువాళ్ళు చెబితే నేను వినాలి. కొన్న రేటు కాదు, మళ్ళీ కొనబోయే రేటూ కాదు. దీనికి విరుగుడు ‘అగ్రీడ్ వాల్యూ’ అని ఒకటుంది. ముందే ఫోటోలూ రసీదులూ పంపి, ఇంత అని ఇద్దరం ఒప్పుకోవడం. నేను అదే తీసుకున్నాను. అయితే ఆ ఒప్పుకున్న అంకె ఏటేటా మళ్ళీ ఒప్పుకోవాలని మీరు ముప్పై ఒకటో పేజీలో వినయంగా మనవి చేసుకున్నారు. ఈ మొత్తం మీద సర్కారు వారి బీమా పన్ను 12 శాతం. అది మీ తప్పు కాదు లెండి, ప్రతి పాపమూ మీ ఖాతాలో వేయను.

వాన గురించి మీరు రాసిన పేరా మా ఆవిడకి చదివి వినిపించాను. తుఫానులో కొమ్మ విరిగి కప్పు మీద పడి నీళ్ళొస్తే ప్రమాదం. అదే కిటికీ అంచున రబ్బరు పాతబడి చుక్క చుక్కగా దిగితే నా అజాగ్రత్త. ఈ దేశంలో వాన ఎప్పుడూ చుక్క చుక్కగానే పడుతుంది కదండీ, అంది ఆవిడ. ఏడాదికోసారి డబ్బిచ్చి చెమ్మ పరీక్ష చేయించాను, ఆ కాగితం ఫైల్లో పెట్టాను. ఇంట్లో పిల్లల టీకాల కార్డు కూడా అంత భద్రంగా లేదు.

బీమా అయ్యాక క్లబ్బు. “క్లబ్బులో చేరాను నాన్నా” అనగానే అవతల కాసేపు మాట లేదు. తెనాలిలో క్లబ్బంటే పేకాట. మా పెద్ద బాబాయి రెండెకరాలు అందులోనే పోయాయి. ఇది అది కాదని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఇక్కడ పెద్ద క్లబ్బులు రెండు. ఒకటి 1901లో హోల్డింగ్ అనే దర్జీ, సైకిల్ మీద గుడారం కట్టుకుని తిరిగేవాళ్ళ కోసం పెట్టింది, ఇప్పటి క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్. రెండోది 1907లో పుట్టిన కారవాన్ క్లబ్. ‘మోటార్‌హోమ్’ అన్న మాట ఈ రెండోదాని పేరులో చేరింది 2017లో. నూటపదేళ్ళకు గానీ మాలాంటి వాళ్ళకి పంక్తిలో విస్తరి వెయ్యలేదన్నమాట.

నిజం చెప్పాలంటే, ఈ వ్యవహారం మొత్తంలో పెట్టిన డబ్బుకి సంతోషించింది క్లబ్బు దగ్గరే. 1960 నాటి చట్టం ఇలాంటి క్లబ్బులకి ఒక వెసులుబాటు ఇచ్చింది. దాని పుణ్యాన సభ్యులు మాత్రమే దిగే చిన్న చిన్న మకాములు దేశమంతా ఉన్నాయి. ఒక్కో చోట ఐదు బండ్లకు మించకూడదు. ఎవరో రైతు పొలం గట్టు, ఒక కుళాయి, ఒక ఎల్సన్ పాయింటు. ఎల్సన్ అంటే ఏమిటో నాన్నగారికి చెప్పలేదు, మీకూ చెప్పను, బండిలోని బాత్రూము ఎక్కడో ఒక చోట ఖాళీ చెయ్యాలి కదా. పొద్దున్నే కంచె అవతలి నుంచి ఆవు మొహం కిటికీలో పెట్టి, మా ఉప్మా వాసన పీల్చి, నచ్చక వెళ్ళిపోయింది. అక్కడ మీరు కనపడలేదు. కానీ క్లబ్బు పేరు మీద అమ్మే బీమా తెరిస్తే మొదటి పేజీలో క్లబ్బు వారి బొమ్మ, లోపల ఎవరో బీమా కంపెనీ, ఆఖర్న యథాప్రకారం తమరు.

ఇక బరువు. 1997 జనవరి 1కి ముందు పరీక్ష పాసైన వాళ్ళు మామూలు కారు లైసెన్సుతోనే 7.5 టన్నుల దాకా నడపొచ్చు, డెబ్బయ్యేళ్ళు వచ్చేదాకా. మా పక్కింటి పెద్దాయన అలాంటి జమీందారు. తర్వాత పాసైన మాకు 3.5 టన్నులే. నేను పాసైంది 2009లో. బండి కాగితం మీద 3,080 కిలోలు, అంటే ఇంకా 420 కిలోలు సర్దుకోవచ్చని మురిసిపోయాను. ఆ 3,080లో 75 కిలోల డ్రైవరు కూడా కలిసి ఉన్నాడు. ఆ 75 కిలోల మహానుభావుడెవరో నాకు తెలియదు, నేను 88. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ట్యాంకులో 100 లీటర్ల నీళ్ళు, నాలుగు సైకిళ్ళు, వాటి ర్యాకు, పందిరి గుడ్డ, అదనపు బ్యాటరీ అన్నీ వేసేసరికి మిగిలింది 19 కిలోలు. ఇంకా సోనా మసూరి సంచి ఎక్కలేదు, వెట్ గ్రైండర్ ఎక్కలేదు, కుక్కరు ఎక్కలేదు.

కాటా మీద ఎక్కిస్తే 3,560. పరిమితి దాటి తిరిగితే జరిమానా సంగతి అలా ఉంచి, ప్రమాదం జరిగిన రోజున మీరు ఏ పేజీలోంచి నవ్వుతారో నేను ఊహించగలను. ఆవకాయ జాడీ దించేద్దామన్నాను. నన్ను దిగమంది మా ఆవిడ. చివరికి నీళ్ళు పారబోశాం. మేము నీళ్ళు లేకుండా, ఆవకాయతో బయల్దేరాం.

అసలు విషయానికి వస్తున్నాను. ఆగస్టులో స్కాట్లండు వెళ్ళాం. ఏ9 రోడ్డు మీద పిట్‌లోక్రీ దాటాక ఎడమవైపు వెనక టైరు రాయి తగిలి పక్కన కోసుకుపోయింది. స్టెప్నీ ఎక్కడుందో అని వెతికితే, బండికి అసలు స్టెప్నీయే లేదు. బదులుగా ఒక నురుగు డబ్బా ఇచ్చారు. పక్కన చిరిగిన టైరుకి నురుగు పనిచేయదని డబ్బా మీదే రాసుంది. రాసింది మీరే కదా. అయినా కొట్టి చూశాను. ఎండాకాలం ఇడ్లీ పిండి పొంగినట్టు పొంగి రోడ్డు మీద పారింది. సన్నగా తుంపర. మిడ్జీలని ఆ ఊళ్ళో దోమల పిల్లలుంటాయి, జుట్టులో దూరి కుడతాయి.

నాకు టెన్షన్ లేదు. బ్యాంకు ఖాతాతో పాటు వచ్చిన బ్రేక్‌డౌన్ కవర్ ఉంది, అంటే దారిలో బండి ఆగిపోతే వాళ్ళే వచ్చి ఆదుకోవాలి. ఇంటి నుంచి పావు మైలు లోపల ఆగిపోతే అది ప్రయాణం కింద రాదు, విడిగా కట్టాలి అన్న మెలిక కూడా చదివి, అదీ కట్టినవాణ్ణి. ఇంటికి నాలుగొందల మైళ్ళ పైన ఉన్నాను కాబట్టి ధీమాగా ఫోన్ చేశాను.

“బండి పొడవెంత సర్?”

“6.98 మీటర్లు.”

“మా పరిమితి 7 మీటర్లు. వెనకేమైనా బిగించారా?”

అబద్ధం చెప్పి ఉండాల్సింది. సైకిల్ ర్యాకు ఉందన్నాను. దాంతో కలిపి కొలిచి చెప్పమన్నారు. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి టేపు తీసింది. అది మీటరున్నర టేపు. ముందు బంపరు దగ్గర మా అబ్బాయి, వెనక నేను, మధ్యలో మా అమ్మాయి సుద్దముక్క లేక ఐలైనర్‌తో బండి పక్కన గీతలు పెడుతూ, మీటరున్నర తర్వాత మీటరున్నర. పక్క నుంచి లారీ వెళ్ళినప్పుడల్లా టేపు ఎగిరిపోయేది. నాలుగో గీత వాన నీటికి కారిపోతే మళ్ళీ మొదటి నుంచి. మొత్తం 7.36. సైకిళ్ళు తీసేస్తే ఎలా అని అడిగాను. ర్యాకు బోల్టులతో బిగించి ఉంది కాబట్టి బండిలో భాగమే అన్నారు. బీమా వాళ్ళ లెక్కలో అదే ర్యాకు మీది సైకిళ్ళు బండిలో భాగం కాదు, పోతే పైసా రాదు. ఒకే ర్యాకు ఒక పుస్తకంలో బండి, ఇంకో పుస్తకంలో పరాయిది. ఆ రెండు పుస్తకాల్లోనూ రచయిత మీరే కదా అని అడిగేవాళ్ళు లేరు.

చివరికి అక్కడి లారీ ఆయనొకాయన వచ్చాడు. 340 పౌండ్లు. బండి పొడవు అడగలేదు. ఒకసారి చుట్టూ తిరిగి చూసి, గడ్డం గోక్కుని, ఎత్తి పెట్టుకుని పెర్త్ దాకా తీసుకెళ్ళాడు. నిమ్మకాయల తర్వాత ఏమీ అడగని మనిషి ఈయనొక్కడే.

ఇంటికొచ్చి ఈ బాధ పక్కింటి పెద్దాయనకి చెప్పుకుంటే, గరాజులోంచి ఒక పాత బ్యాడ్జి తెచ్చి చూపించాడు. ఏఏ, అంటే ఆటోమొబైల్ అసోసియేషన్ అనే కార్లవాళ్ళ సంఘానిది, వాళ్ళ తాతగారి కారు ముందు ఉండేదట. 1905లో ఆ సంఘం పెట్టిందే, ముందు పోలీసులు వేగం పట్టుకోవడానికి పొంచి ఉన్నారని కార్లవాళ్ళకి చెప్పడానికి. అలా చెప్పడం నేరమని కొన్నేళ్ళకి కోర్టు అంది. దాంతో వాళ్ళు చెప్పడం మానేశారు. బదులుగా, సంఘం మనిషి రోడ్డు పక్కన నిలబడి బ్యాడ్జి ఉన్న ప్రతి కారుకీ సలాం కొట్టేవాడు. సలాం కొట్టలేదంటే, కారు ఆపి ఎందుకు కొట్టలేదో అడగాల్సి ఉండేది. కొట్టని సలాంని ఏ కోర్టు పట్టుకుంటుంది?

అప్పుడర్థమైంది మీ వంశచరిత్ర. ఆ సలాం నన్ను కాపాడటానికి పుట్టింది, మీరు నా నుంచి కంపెనీని కాపాడటానికి. మీ ముందు పేజీల్లో కుటుంబం నవ్వుతోంది, సూర్యుడు దిగుతున్నాడు, అన్నీ సలాములే. ఏ పేజీలో సలాం లేదో చూసుకుని ఆగడం నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు మోటార్‌హోమ్‌లకే ప్రత్యేకంగా ఉన్న కవర్ కోసం చూస్తున్నాను. బీమా రెన్యువల్ కాగితం కూడా వచ్చింది. పాత కస్టమర్ని కొత్తవాడికంటే ఎక్కువ గుంజకూడదని ఇక్కడి నియంత్రణ సంస్థ 2022 జనవరి 1 నుంచి ఇంటి, మోటారు బీమాలకి రూలు పెట్టింది. కొత్తవాడికీ అంతే గుంజుతున్నారేమోనని నాలుగు చోట్లకి ఫోన్లు చేస్తున్నాను. పొద్దున ఒకమ్మాయి ఎత్తింది. ఈసారి ఆమె అడగకముందే నేనే మొదలుపెట్టాను. యూరప్‌కీ వస్తుందా? వస్తుంది సర్. టైరు చిరిగితే? తప్పకుండా సర్. ఇంటి ముందు ఆగిపోతే? అయ్యో, అదీ ఉంది సర్. ఎత్తుకి పరిమితి? లేనే లేదు సర్.

“వెనక సైకిల్ ర్యాకు బోల్టులతో బిగించి ఉందమ్మా. పొడవు దాన్ని కలుపుకునా, లేకుండానా?”

కీబోర్డు టకటకలు వినపడ్డాయి. తర్వాత అవీ ఆగాయి.

“మళ్ళీ చేస్తానమ్మా” అని ఫోన్ పెట్టేశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
7.36 మీటర్ల వాడు