అంతా కుర్రాడి ఎదుగుదల కోసమే

కెనడా జూనియర్ ఐస్ హాకీ మీద ఈ మధ్య అడ్డమైనవాళ్లూ విమర్శలు చేస్తున్నారు. పిల్లలతో ఊరికే ఆడించుకుని టికెట్లు అమ్ముకుంటున్నారట. పదిహేడేళ్లవాణ్ణి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చేసుకుంటున్నారట. ఇవన్నీ లోతు తెలియని మాటలు. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల్లో ఒకరో ఇద్దరో కూచిపూడి క్లాసుకీ లెక్కల ట్యూషన్‌కీ మధ్య స్కేట్లు కూడా కట్టుకుంటున్నారు. వాళ్ల భవిష్యత్తు దృష్ట్యా ఈ వ్యవస్థ గొప్పతనాన్ని ఎవరో ఒకరు నిష్పాక్షికంగా వివరించాలి. ఆ భారం నేను మోస్తాను.

కెనడియన్ హాకీ లీగ్ అనే గొడుగు కింద ఒంటారియో, వెస్టర్న్, క్యూబెక్ మారిటైమ్స్ అని మూడు లీగులున్నాయి. ఆడేది 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు. ఒంటారియోలో, వెస్టర్న్‌లో సెప్టెంబర్ నుంచి మార్చి దాకా 68 మ్యాచ్‌లు. గెలుస్తూ పోతే మే నెల దాకా ఆట తెగదు. కోట్లు సంపాదించే పెద్దల లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2025-26 సీజన్ దాకా చాలాకాలం ఉన్నవి 82. అంటే కుర్రాళ్లకు 14 మ్యాచ్‌లు తక్కువ. ఆ మిగిలిన టైములో కుర్రాడు ఇంటర్ స్థాయి చదువు చదవాలి, హోంవర్క్ చేయాలి, గడ్డం మొలిపించుకోవాలి.

ఎదుగుదల మొదలయ్యేది ఐసు పరిచిన రింకులో అని చాలామంది పొరబడతారు. అది ప్రసూతి వార్డులో మొదలవుతుంది. కెనడా హాకీలో వయసు లెక్కకు గీత జనవరి 1. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూపు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఒకడు ఇంకొకడి భుజం దాకా కూడా రాడు. పొడుగ్గా ఉన్నవాడిలో కోచ్‌కి ప్రతిభ కనిపిస్తుంది. మంచి జట్టులో వేస్తాడు, ఐసు మీద ఎక్కువసేపు ఉంచుతాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ ప్రతిభ నిజంగానే వచ్చేస్తుంది. జూనియర్ జట్ల జాబితాల్లో జనవరి, ఫిబ్రవరి, మార్చి పుట్టినరోజులే ఎక్కువని పరిశోధకులు 1980లలోనే చెప్పారు. ఎవరూ కంగారుపడలేదు, గీతా జరగలేదు. ముహూర్తం చూసి సిజేరియన్ పెట్టించుకునే మన జాతికి ఇందులో ఇబ్బందేముంది? జనవరి మొదటి వారం ధనుర్మాసమని పంతులుగారు కాస్త నసుగుతారు. ఆటగాళ్లను వెతికి పట్టే స్కౌట్లకు ఆ పట్టింపు లేదని చెప్పి ఒప్పించుకోవాలి.

తర్వాత డ్రాఫ్ట్. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల్ని వరసపెట్టి పేరు పిలిచి జట్లు పంచుకుంటాయి. ఏ జట్టు అన్నది కుర్రాడి చేతిలో ఉండదు. ఆ వయసులో ఏం తెలుస్తుంది పాపం. నన్ను మరీ ఆకట్టుకునేది ముందుచూపు. ఈ ఏడాది కప్పు కొట్టాలనుకునే జట్టు ఒక పందొమ్మిదేళ్ల డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకుని, బదులుగా నాలుగేళ్ల తర్వాతి రెండో రౌండు ఎంపిక హక్కును రాసిచ్చేస్తుంది. ఆ హక్కుతో రాబోయే పిల్లాడికి ఇప్పుడు పదకొండేళ్లు. పాలపళ్లు ఒకటో రెండో ఇంకా మిగిలే ఉంటాయి. వాడెవరో వీళ్లకు తెలియదు, వీళ్లెవరో వాడికి తెలియదు, కానీ వాడు అప్పటికే ఒకసారి చేతులు మారాడు. ఆ హక్కును ఇంకో రెండు జట్లు తిప్పుకుంటే, పళ్లూడే లోపు వాడు నాలుగు ఊళ్లకు ఆడేసినట్టు.

మార్పిడి అంటే మనిషికి మనిషే ఇవ్వాలన్న సంకుచితత్వం కూడా అక్కడ లేదు. 1983 జనవరిలో సియాటిల్ బ్రేకర్స్ అనే అమెరికా ఊరి జట్టుకు బస్సు కావాల్సి వచ్చింది. కెనడా జట్టు విక్టోరియా కూగర్స్‌కు అమెరికా వైపు ఒక వాడిన బస్సుంది గానీ, పన్నులు కట్టి దాన్ని సరిహద్దు దాటించడం వాళ్లకు తలకు మించిన పని. టామ్ మార్టిన్ అనే ఆటగాడి మీద హక్కులు సియాటిల్ దగ్గర ఉన్నాయి. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. బస్సు ఇటు, కుర్రాడు అటు. మార్టిన్ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లి ఆడాడు, కాబట్టి బస్సుకు బదులుగా పోవడం ఎదుగుదలకు అడ్డు కాదని రుజువైంది.

బస్సు విలువ తక్కువేమీ కాదు. వెస్టర్న్ లీగ్‌లో ప్రిన్స్ జార్జ్ జట్టుకు అతి దగ్గరి ప్రత్యర్థి ఊరు కామ్‌లూప్స్. దూరం 500 కిలోమీటర్ల పైమాటే. పక్కింటివాళ్లతో ఆడటానికి హైదరాబాద్ నుంచి తిరుపతి పోయినంత పని. బస్సుల మాట ఎత్తాను కాబట్టి ఇదొక్కటీ మామూలు గొంతుతో చెప్తాను. 1986 డిసెంబర్ 30న స్విఫ్ట్ కరెంట్ అనే ఊరి జట్టు బస్సు ప్రమాదంలో నలుగురు ఆటగాళ్లు, 2018 ఏప్రిల్ 6న ఒక మెట్టు కింది లీగ్‌లో ఆడే హంబోల్ట్ జట్టు బస్సు లారీతో ఢీకొని 16 మంది చనిపోయారు. దాని మీద నా దగ్గర వెటకారం లేదు.

కుర్రాడు ఉండేదెక్కడ? బిల్లెట్ ఇంట్లో. అంటే ఆ ఊళ్లో హాకీ అంటే పిచ్చి ఉన్న ఒక కుటుంబం వీణ్ణి చేరదీసి అన్నం పెడుతుంది. జట్టు వాళ్లకు నెలకింత అని చేతిలో పెడుతుంది. అది వీడు తాగే పాలకు సరిపోతే గొప్పే. ఆ ఇంటి గరాజ్‌లో ఆరబెట్టిన గ్లోవ్స్ వాసన గురించి రాయడానికి తెలుగు లిపి సరిపోదు. ఆ తల్లి ఏమీ అనదు, తలుపు మూసేస్తుంది. పొద్దున్నే వాళ్ల వాకిట్లో మంచు ఎత్తిపోస్తే చాలు, వీడు ఆ ఇంటి బిడ్డే. జనవరి మొదట్లో మార్పిడి గడువు దగ్గర పడినప్పుడు మాత్రం మేనేజర్ గదిలోకి పిలుస్తాడు. "నువ్వు మాకు చాలా చేశావు బాబూ. నీకిది మంచి అవకాశం" అంటాడు. సాయంత్రానికి బ్యాగు, కర్రలు, ఫిజిక్స్ పుస్తకం సర్దుకుని వాడు కొత్త ఊరు, కొత్త బడి, కొత్త అమ్మ దగ్గరికి బయల్దేరతాడు.

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలు ఇక్కడ శ్రద్ధగా నోట్సు రాసుకోవాలి. పదహారేళ్లవాణ్ణి ఇంటికి దూరంగా పెట్టి ర్యాంకు పిండటం తామే కనిపెట్టామని వాళ్లకొక గర్వం. కానీ ఏ కాలేజీ అయినా జనవరిలో ఇద్దరు ఎంపీసీ పిల్లల్ని ఇచ్చి ఒక బైపీసీ టాపర్‌ని తెచ్చుకుందా? జేఈఈ రాస్తుంటే చూడటానికి జనానికి టికెట్లు అమ్మిందా? ఒంటారియోలోని లండన్ ఊరి జట్టు సొంత రింకులో దాదాపు 9 వేల సీట్లున్నాయి. మనం ఎంత వెనకబడి ఉన్నామో!

అన్ని రాత్రులూ అందరూ ఆడరు. పదహారేళ్లవాడు కొన్నిసార్లు ఏ గాయమూ లేకుండానే సూటు వేసుకుని, తండ్రి ముడి వేసి పంపిన టైతో, పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుంటాడు. దీన్ని హెల్దీ స్క్రాచ్ అంటారు. కింద జట్టు ఆడుతుంటుంది, వీడు పాప్‌కార్న్ తింటూ ఎదుగుతుంటాడు. నాన్న మూడు గంటలు కారు నడుపుకుని వచ్చి ఉంటే ఇద్దరూ కలిసి ఎదగవచ్చు. ఇక పిడిగుద్దుల విషయం. ఒంటారియో లీగ్ 2012లో సీజన్‌కు 10 దాటితే సస్పెన్షన్ అంది, 2016లో దాన్ని 3కి తెచ్చింది. క్యూబెక్ వాళ్లు 2023లో అసలు కొట్టుకుంటే ఆ మ్యాచ్ నుంచి బయటికే అన్నారు. సంప్రదాయాలు ఇలాగే ఒక్కొక్కటీ పోతున్నాయి.

జీతం సంగతికి వద్దాం, అసలు మేధస్సు ఇక్కడే ఉంది. 2014లో కొందరు ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. మాకు వారానికి 50 డాలర్ల లాంటి చేతిఖర్చే ఇస్తున్నారు, కనీస వేతనం ఇప్పించండి అన్నారు. లీగులు నొచ్చుకున్నాయి. వీళ్లు ఉద్యోగులు కారు, చదువుకునే పిల్లలు, పైగా ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక ఏడాది కాలేజీ ఫీజు మేమే కడతాం కదా అన్నాయి (గడువులోగా చేరితేనే). ప్రభుత్వాలకు మనసు కరిగింది. వాషింగ్టన్ రాష్ట్రం 2015లో, బ్రిటిష్ కొలంబియా 2016లో, ఒంటారియో 2018లో జూనియర్ ఆటగాళ్లకు కనీస వేతనం అక్కర్లేదని నిబంధనలే మార్చేశాయి. చివరికి కేసు 3 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

అదే కాలంలో అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఏమందో చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌తో ఒప్పందం చేసుకున్న ఆటగాళ్లు కూడా ఈ లీగుల్లో ఆడుతున్నారు కాబట్టి ఇవి ప్రొఫెషనల్ లీగులు, ఇక్కడ ఒక్క మ్యాచ్ ఆడినా మా కాలేజీ హాకీకి అర్హత గోవిందా అంది. అంటే కార్మిక శాఖ ఆఫీసులో అడుగుపెడితే వాడు విద్యార్థి, అమెరికా కాలేజీ గేటు దగ్గర నిలబడితే ప్రొఫెషనల్. డబ్బు అడిగిన చోట పిల్లాడు, చదువు అడిగిన చోట జీతగాడు. రెండు చోట్లా చెయ్యి ఖాళీగా ఉంచడానికి రెండు దేశాలు కూడబలుక్కోకుండానే ఇంత పొందికగా పనిచేయడం దౌత్య చరిత్రలో అరుదు.

దురదృష్టవశాత్తూ ఈ సమతూకం చెడింది. 2024 నవంబర్‌లో ఎన్‌సీఏఏ మనసు మార్చుకుంది. 2025 ఆగస్టు 1 నుంచి ఈ కుర్రాళ్లు కూడా అమెరికా కాలేజీలకు ఆడుకోవచ్చంది. అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బులు పుచ్చుకుంటున్నారు, అదీ చట్టబద్ధంగా. ఆ వేసవిలోనే గావిన్ మెకెన్నా పెట్టే బేడా సర్దాడు. వెస్టర్న్ లీగ్‌లో మెడిసిన్ హ్యాట్ అనే ఊరి జట్టుకు ముందు సీజన్‌లో 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేసినవాడు, అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. పుట్టింది డిసెంబర్ 20న. క్రమశిక్షణ లేకపోవడం అక్కడే తెలుస్తోంది. పదిహేడేళ్ల కుర్రాడు ఎక్కడ ఆడాలో, ఎంతకు ఆడాలో తనే ఆలోచించుకుని వెళ్లిపోతే ఎలా? ఆ ఆలోచనేదో చేసిపెట్టడానికి ఇంతమంది పెద్దలం జీతాలు తీసుకుంటూ కూర్చున్నాం కదా!